వంతెన దగ్గర బండి ఎందుకు దిగుతాడు?

కూచిపూడి అనగానే మీకు నాట్యం గుర్తుకొస్తుంది. కాని ఆ ఊరి వీథుల్లో గజ్జెల చప్పుడుతోబాటు ఇంకొక చప్పుడు కూడా వినిపిస్తుంది. చైను కిర్రుమంటుంది, వెనక బల్ల దడదడలాడుతుంది, మధ్యమధ్య బెల్లు మోగుతుంది. అది మూడు చక్రాల రిక్షాబండి. సిమెంటు బస్తాలు, గ్యాసు సిలిండర్లు, మంచినీళ్ళ డబ్బాలు, అరటిగెలలు, షామియానా గుంజలు, పెళ్ళివారి వంటపాత్రలు, ఇల్లు మారేవాళ్ళ మంచాలూ బీరువాలూ – దానికి పనికిరాని సరుకంటూ లేదు. కొందరు దాన్ని ట్రాలీ రిక్షా అంటారు, కొందరు ఉత్త రిక్షా అంటారు. కూచిపూడిలోనే కాదు, విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టు చుట్టూ ఉన్న సందుల్లోకి వెళ్ళినా ఈ బండే కనిపిస్తుంది. లారీ రాలేని చోటికి అది వస్తుంది.

ఒకసారి ఆ బండి వెనకాలే కొంతదూరం నడిచి చూడండి. నాలుగు సిమెంటు బస్తాలు వేసుకుని, చదునైన రోడ్డుమీద ఆయన నింపాదిగా తొక్కుకుంటూ పోతుంటాడు. ఇంతలో కాలువమీద వంతెన వస్తుంది. వెంటనే సీటు దిగుతాడు. ఒక చేయి హ్యాండిలుమీద, ఇంకొక చేయి సీటుమీద వేసి, నడుము వంచి బండిని లాగుతాడు. వంతెన నడినెత్తికి చేరాక మళ్ళీ ఎక్కి కూర్చుంటాడు.

ఎందుకు దిగాడు? 'అలిసిపోయి' అంటారు మీరు. కాని వంతెన రాకముందు బాగానే తొక్కుతున్నాడు కదా! పైగా వంగి లాగడం సుఖమైన పనేమీ కాదు. అసలు కారణం బండి నిర్మాణంలో ఉంది. దాన్ని కాగితంమీద లెక్కవేసి తెలుసుకోవచ్చు. అందుకు మీ హైస్కూలు భౌతికశాస్త్రం చాలు. అయితే లెక్కకు ముందు బండిని కాస్త పరీక్షగా చూడాలి.

ఈడ్చడం, దొర్లించడం

సిమెంటు బస్తా బరువు 50 కిలోలు. నాలుగు బస్తాలు 200 కిలోలు. వాటిని గచ్చుమీద ఈడ్చాలంటే, ఘర్షణను జయించడానికి సుమారు వాటి బరువులో సగమంత బలం కావాలి. అంటే 100 కిలోల బరువును ఎత్తినంత బలం! ఒక మనిషివల్ల అయ్యే పని కాదు.

అవే బస్తాలను చక్రాలమీద ఉంచితే సంగతి పూర్తిగా మారిపోతుంది. చక్రం నేలమీద రుద్దుకోదు, దొర్లుతుంది. రుద్దుకునే చోటు ఇరుసు దగ్గరకు మారింది. అక్కడేమో ఉక్కు గుండ్ల బేరింగులూ, గ్రీజూ ఉన్నాయి. ఇక మిగిలింది టైరు నలుగుడువల్ల కలిగే నిరోధం. రబ్బరు నేలను తాకినచోట నొక్కుకుపోయి, దాటగానే మళ్ళీ ఉబ్బుతుంది. ఇలా నలిగినప్పుడల్లా కొంత శక్తి వేడిగా మారి పోతుంది. టైర్లలో గాలి సరిగ్గా ఉండి, రోడ్డు బాగుంటే, ప్రతి 100 కిలోల బరువుకూ ఒకటిన్నర కిలోల లాగుడు సరిపోతుందని లెక్కకోసం తీసుకుందాం. అంటే 200 కిలోల సరుకుకు 3 కిలోలు! గాలి తగ్గినా, రోడ్డు కంకర తేలినా ఈ అంకె ఇట్టే రెట్టింపవుతుంది. రిక్షా తొక్కే ఆయన పొద్దున్నే సైకిలు షాపు దగ్గర ఆగి గాలి కొట్టించుకోవడం ఉత్తి అలవాటు కాదని తెలిసింది కదా.

ముక్కాలిపీట రహస్యం

చక్రాలు మూడే ఎందుకు? సైకిలుకు రెండే ఉన్నాయి, అదీ సరుకు మోస్తుంది. తోపుడుబండికి నాలుగున్నాయి.

రెండు చక్రాల సైకిలు కదులుతున్నంతసేపే నిలబడుతుంది. రెండు బస్తాలు కట్టిన సైకిలును ఆపి చూడండి, దాన్ని పట్టుకుని నిలబెట్టడమే ఒక పని. ఇంటింటికీ ఆగుతూ పోయే బండికి ఇది కుదరదు. ఇక నాలుగు చక్రాలంటారా, మీ ఇంట్లో నాలుగు కాళ్ళ స్టూలును ఎగుడుదిగుడు నేలమీద పెట్టండి. ఒక కాలు గాలిలో ఉండి టకటక ఊగుతుంది. ముక్కాలిపీట ఎక్కడ పెట్టినా ఊగదు. ఏ మూడు బిందువులగుండానైనా ఒక తలం పోతుందని రేఖాగణితంలో చదివారు. అదే ఇక్కడ పనిచేస్తోంది. గతుకుల రోడ్డుమీద కూడా మూడు చక్రాలూ నేలను అంటుకునే ఉంటాయి. నాలుగు చక్రాలకు ఈ సుగుణం రావాలంటే స్ప్రింగులో, వంగే చట్రమో ఉండాలి. అంటే ఖర్చు.

మరి ముక్కాలిపీట పడిపోదా? పడిపోతుంది. ఎప్పుడో కూచిపూడి నాట్యమే చెబుతుంది. 'తరంగం' అనే అంశంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచులమీద పాదాలు ఆనించి, పళ్ళెంతోసహా ముందుకూ పక్కకూ కదులుతుంది. ఆమె శరీరం ఎటు వంగినా, చేతులు ఎటు చాచినా, ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. శరీరం బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువునుంచి, అంటే గరిమనాభినుంచి, నిట్టనిలువుగా గీసిన గీత పళ్ళెం లోపలే పడాలి. అంచు దాటిందా, పడిపోవడమే. రిక్షాబండికి ఆ పళ్ళెమే మూడు చక్రాలు నేలను తాకే చోట్లను కలిపితే ఏర్పడే త్రిభుజం. నర్తకికి కొద్ది అంగుళాల పళ్ళెం ఉంది, బండికి ఒక మీటరు వెడల్పున్న త్రిభుజం ఉంది. అందుకే బండి నిలుచున్నప్పుడు దాన్ని పట్టుకోనక్కరలేదు.

ఈ త్రిభుజం ముందు సన్నం, వెనక వెడల్పు అని మరిచిపోకండి. బరువును వెనక ఇరుసుకు దగ్గరగా పేర్చాలని రిక్షావాళ్ళకు ఎవరూ పాఠం చెప్పలేదు. అనుభవం చెప్పింది. అయితే మరీ వెనక్కి పేరిస్తే ముందు చక్రం తేలిపోయి హ్యాండిలు మాట వినదు. ఇరుసుకు కాస్త ముందుగా పేర్చడమే సరైన పద్ధతి.

ముందు ఒకటా, వెనక ఒకటా?

మూడు చక్రాలను రెండు రకాలుగా అమర్చవచ్చు. మన ట్రాలీ రిక్షాకు ముందు ఒకటి, వెనక రెండు. సరుకు తొక్కేవాడి వెనక ఉంటుంది. ఊళ్ళలో ఇంటింటి చెత్త పోగుచేసే పారిశుధ్య కార్మికుల బండి కూడా సాధారణంగా ఇదే రకం. బల్లకు బదులు తడిచెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడిచెత్తకు నీలం డబ్బా ఉంటాయి.

రెండోరకం ఐస్‌క్రీము బండి. దానికి పెట్టె ముందు, రెండు చక్రాలూ ముందే. తొక్కేవాడు వెనక. సరుకు కళ్ళెదుట ఉంటుంది, పిల్లలు చుట్టూ మూగితే మూత తీసి ఇవ్వడం సులువు. లండన్‌లో 1920లలోనే ఇలాంటి బండ్లమీద ఐస్‌క్రీము అమ్మారు. హాలెండులో రొట్టెలవాళ్ళూ, పాలవాళ్ళూ వాడిన పెట్టెబండ్లు కూడా ఈ జాతివే. డెన్మార్కులో 1984లో తయారైన క్రిస్టియానియా బండిలోనైతే తల్లిదండ్రులు పిల్లలను పెట్టెలో కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోతారు. ఈ రకానికి ఒక చిక్కుంది. బరువు తిరిగే చక్రాలమీదే ఉంటుంది కనుక హ్యాండిలు తిప్పడం కష్టం. ఐస్‌క్రీముకు సరిపోతుంది, సిమెంటుకు సరిపోదు.

సైకిలుకు పక్కన ఒక చక్రం తగిలించిన మూడోరకం బర్మాలో ఉంది. 'సైడ్ కార్' అన్న మాటే అక్కడివాళ్ళ నోట 'సైక్కా' అయింది. బర్మా మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రంగూన్ వీథుల్లో చేత్తో లాగే రిక్షాలను లాగినవారిలో చాలామంది మన తెలుగువాళ్ళే. కోస్తా జిల్లాలనుంచి ఓడలెక్కి వెళ్ళారు. కోరంగి రేవు పేరుమీదుగా వాళ్ళను అక్కడ 'కోరంగీలు' అనేవారు. 'రిక్షా' మాటేమో జపానువాళ్ళది. 'జిన్' అంటే మనిషి, 'రికి' అంటే బలం, 'షా' అంటే బండి – మనిషి బలంతో నడిచే బండి. 1870 ప్రాంతంలో జపానులో పుట్టిన ఆ చేతిబండికి చైనూ పెడల్సూ తగిలించిన రకం విరివిగా వాడుకలోకి వచ్చేసరికి మరో అరవై ఏళ్ళు పట్టింది.

మలుపులో ఏం జరుగుతుంది?

ఇప్పుడు ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. రెండు సీసామూతలకు నడిమధ్య చిల్లులు పెట్టి, ఒక పెన్సిలు రెండు చివరలా బిగుతుగా దూర్చండి. బల్లమీద తిన్నగా దొర్లిస్తే చక్కగా పోతుంది. ఇప్పుడు దాన్ని గుండ్రంగా తిప్పుతూ దొర్లించండి. ఒక మూత దొర్లుతుంటే రెండోది బల్లను గీరుకుంటూ జారుతుంది. కారణం సులభమే. మలుపులో బయటి చక్రం పెద్ద వృత్తంమీదా, లోపలి చక్రం చిన్న వృత్తంమీదా పోవాలి. రిక్షా చక్రాల మధ్య దూరం ఒక మీటరనుకుంటే, వీథి మూల తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలిదానికంటే 1.57 మీటర్లు ఎక్కువ ప్రయాణం చేయాలి. (ఎలా వచ్చిందో మీరే చూడండి.) రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటే, ఏదో ఒకటి రోడ్డుమీద రుద్దుకోక తప్పదు. టైరు అరుగుతుంది, బండి మలుపు తిరగనని మొరాయిస్తుంది.

ఇంగ్లండులోని కోవెంట్రీలో కుట్టుమిషన్లూ సైకిళ్ళూ తయారుచేసిన జేమ్స్ స్టార్లీకి ఈ చిక్కే ఎదురైంది. పక్కపక్కన ఇద్దరు కూర్చుని, చెరొక చక్రాన్నీ తొక్కే బండిమీద ఆయనా, కొడుకూ బయలుదేరారట. కొడుకు కుర్రవాడు, బలంగా తొక్కాడు. బండి తండ్రివైపు తిరిగి ఇద్దరినీ రోడ్డుపక్క ముళ్ళపొదలో పడేసిందని చెబుతారు. కథ ఎంతవరకు నిజమైనా, 1877లో స్టార్లీ తన మూడు చక్రాల బండికి డిఫరెన్షియల్ గేరు అమర్చిన మాట నిజం. కొన్ని పళ్ళచక్రాలు ఇరుసు మధ్యలో కూర్చుని, బలాన్ని రెండు చక్రాలకూ పంచుతాయి, కాని వేగం తేడాను అనుమతిస్తాయి. ఫ్రాన్సులో పెకర్ అనే గడియారాల నిపుణుడు సుమారు 50 ఏళ్ళ ముందే ఈ ఉపాయం కనిపెట్టాడు, అయితే దాన్ని జనంలోకి తెచ్చింది ఈ మూడు చక్రాల సైకిలే. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మోటారుకారుకు కూడా చక్రాలు మూడే, దానికీ డిఫరెన్షియల్ ఉంది. ఇవాళ మీరెక్కే ఆటోలో, బస్సులో, వెనక ఇరుసు మధ్య ఉబ్బుగా కనిపించేది అదే.

మరి మన రిక్షాబండికి డిఫరెన్షియల్ ఉందా? లేదు. అది ఖరీదు. మన మెకానిక్కులు చవకైన మార్గం పట్టారు. చాలా బండ్లలో వెనక చక్రాల్లో ఒక్కదాన్నే ఇరుసుకు గట్టిగా బిగించి, చైను బలం దానికే ఇస్తారు. రెండోది ఇరుసుమీద తనంతట తాను తిరుగుతుంది. మలుపులో ఏ పేచీ ఉండదు. నన్నడిగితే ఇది స్టార్లీ ఉపాయానికి ఏమాత్రం తీసిపోని తెలివి. నష్టమల్లా ఒక్కటే. బలం ఒకవైపు చక్రానికే అందుతుంది కనుక గట్టిగా తొక్కినప్పుడు బండి కొద్దిగా పక్కకు లాగుతుంది, హ్యాండిలుతో సరిదిద్దుకోవాలి. ఆ చక్రం బురదలో దిగిందంటే రెండోది పొడినేలమీద ఉన్నా సాయపడదు.

మలుపులో పొంచి ఉన్న అసలు ప్రమాదం వేరు. సైకిలు తొక్కుతూ మలుపు తిరిగేటప్పుడు మీరు లోపలివైపుకు వంగుతారు, సైకిలూ వంగుతుంది. మూడు చక్రాల బండి వంగలేదు. జడత్వంవల్ల సరుకు తిన్నగానే పోదామని చూస్తుంది, బండి బయటివైపుకు ఒరుగుతుంది. ఒక లెక్క వేద్దాం. 4 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు. గరిమనాభినుంచి త్రిభుజం అంచువరకు 35 సెంటీమీటర్లు. సిమెంటు బస్తాల్లాంటి పొట్టి సరుకైతే గరిమనాభి ఎత్తు 70 సెంటీమీటర్లు అనుకుందాం. 35ను 70తో భాగిస్తే అర. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతోనూ, గురుత్వత్వరణంతోనూ (10 అనుకుందాం) భాగించగా వచ్చేది ఈ అరను మించితే బండి బోల్తా. అంటే వేగం వర్గం 20 దాటకూడదు. ఇది సెకనుకు 4.5 మీటర్లు, గంటకు 16 కిలోమీటర్లు. ఇప్పుడు అదే బండిమీద బీరువాలూ పరుపులూ ఎత్తుగా కట్టారు, గరిమనాభి 140 సెంటీమీటర్లకు పోయింది. లెక్క మళ్ళీ వేస్తే గంటకు 11 కిలోమీటర్లే వస్తుంది. ఈ 11ను గుర్తుపెట్టుకోండి, దీనితో ముందు ముందు పని ఉంది.

వంతెన లెక్క

కృష్ణా డెల్టా అంతా బల్లపరుపు నేల. ఇక్కడ కొండలు లేవు, కాని కాలువలున్నాయి. విజయవాడ దగ్గర 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేసిన ఆనకట్టనుంచి ఈ కాలువలు బయలుదేరాయి. 1957నుంచి ఆ పని ప్రకాశం బ్యారేజి చేస్తోంది. ఈ కాలువలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాదు, సరుకుల పడవలు నడవడానికి కూడా తవ్వినవి. పడవ కిందనుంచి పోవాలంటే వంతెన ఎత్తుగా ఉండాలి. అందుకే పాత కాలువ వంతెనలు మూపురంలా ఉండేవి. పడవలు పోయాయి, ఎత్తు మాత్రం చాలాచోట్ల మిగిలింది. డెల్టాలో రిక్షావాడికి కొండంటే అదే.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. సరుకు 200 కిలోలు, బండి 70 కిలోలు, తొక్కే మనిషి 55 కిలోలు. మొత్తం 325 కిలోలు, అంటే 3,250 న్యూటన్ల భారం. చదునురోడ్డుమీద నిరోధం వందకు ఒకటిన్నర చొప్పున దాదాపు 50 న్యూటన్లు.

ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక దానికి 22 అనుకుందాం. మీ ఊరి బండిని ఆపి లెక్కపెట్టి, మీ అంకెలతో మళ్ళీ వేసుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది, కనుక బండి 4.4 మీటర్లు కదిలింది. ఈలోగా పాదం ఎంతదూరం కదిలింది? పెడల్ కడ్డీ 17 సెంటీమీటర్లయితే, ఆ వృత్తం చుట్టుకొలత 1.07 మీటర్లు. అంటే పాదం కదిలినదానికి బండి నాలుగురెట్లకు పైగా కదిలింది. దూరంలో లాభం వచ్చిందంటే బలంలో నష్టం తప్పదు. 50 న్యూటన్ల నిరోధానికి పాదం సగటున 205 న్యూటన్ల బలంతో, అంటే 20 కిలోల బరువంతటి బలంతో తొక్కాలి. ఇది చేయగలిగిన పనే.

ఆరోగ్యవంతుడైన మనిషి గంటల తరబడి ఆగకుండా చేయగల పని రేటు సుమారు 75 వాట్లు. ఇది హార్స్‌పవరులో పదోవంతు. 75ను 50తో భాగిస్తే సెకనుకు ఒకటిన్నర మీటర్లు, గంటకు 5.4 కిలోమీటర్లు. నడక కంటే కాస్త ఎక్కువ. కాళ్ళ సత్తువ దాచుకుని రోజంతా తొక్కాల్సిన బండి ఇంత నెమ్మదిగా ఎందుకు పోతుందో ఈ లెక్క చెబుతోంది.

ఇప్పుడు వంతెన వాలు 30 మీటర్లకు ఒక మీటరు లేచిందనుకోండి. కంటికి పెద్ద ఎత్తే కాదు. కాని వాలుతలం సూత్రం ప్రకారం 3,250లో 30వ వంతు, అంటే 108 న్యూటన్లు అదనంగా కావాలి. నిరోధంతో కలిపి 158. దాన్ని 4.1తో గుణిస్తే పాదం తొక్కాల్సిన బలం దాదాపు 650 న్యూటన్లు. అంటే 65 కిలోలు! మనిషి బరువేమో 55 కిలోలు. సీటుమీదనుంచి లేచి, ఒంటి బరువంతా ఒక్క పెడల్‌మీద వేసినా చాలదు. ఎంత వస్తాదైనా ఆ గేరుతో నింపాదిగా ఎక్కలేడు.

అందుకే దిగుతాడు. దిగగానే రెండు మార్పులు జరుగుతాయి. మొదటిది, బండిమీద 55 కిలోలు తగ్గాయి. మిగిలిన 270 కిలోలకు నిరోధం 40, వాలు 90, మొత్తం 130 న్యూటన్లు. రెండోది, ఇప్పుడు పాదం ఒక మీటరు నడిస్తే బండి ఒకే మీటరు కదులుతుంది. నాలుగురెట్ల నష్టం పోయింది. 13 కిలోల లాగుడు చాలు. సెకనుకు అరమీటరు చొప్పున నడిస్తే, తన ఒంటిని ఎక్కించుకునే పనితోసహా 74 వాట్లు అవుతుంది. సరిగ్గా ఒంట్లో ఉన్నంతే! దిగి లాగడమంటే అతను గేరు మార్చాడన్నమాట. బండికి లేని గేరును తన కాళ్ళతో భర్తీ చేశాడు.

మరి బండికే గేర్లు పెట్టకూడదా? పెట్టవచ్చు. మహారాష్ట్రలో ఫల్టణ్‌లోని నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్ళు 2000 సంవత్సరం ప్రాంతంలో మనుషులను మోసే సైకిలు రిక్షాను ఇలా బాగుచేసి చూపించారు. గేర్లు పెట్టారు, పొడుగుచైనును తగ్గించారు, బ్రేకును వెనక చక్రాలకు ఇచ్చారు. అయినా రోడ్లమీద ఎక్కువగా కనిపించేది పాత ఒంటిగేరు బండే. గేర్లబండి ఖరీదెక్కువ, సందుచివర సైకిలుషాపులో బాగుకాదు – ఇవి నిజమైన కారణాలే. ఇంకొకటి కూడా ఉంది. రోజు కిరాయికి తీసుకుని తొక్కే బండ్లు ఎన్నో ఉంటాయి. అలాంటి బండి కొనేది ఒకరు, తొక్కేది మరొకరు. కొనేవాడికి వంతెన దగ్గర కాళ్ళు నొప్పిపుట్టవు.

దిగేటప్పుడు

ఎక్కిన బండి దిగాలి. దిగేటప్పుడు 108 న్యూటన్లు బండిని ముందుకు నెడతాయి, నిరోధం 50 వెనక్కు లాగుతుంది. మిగిలిన 58 న్యూటన్లు వేగం పెంచుతూ పోతాయి. 30 మీటర్ల వాలు దిగేసరికి, కాలు కదపకపోయినా, వేగం గంటకు దాదాపు 12 కిలోమీటర్లవుతుంది. ఎత్తైన సరుకుతో మలుపు తిరగగల వేగం ఎంతన్నాం? పదకొండు! వంతెన దిగీదిగగానే మలుపున్నచోట బీరువాల బండి ఎందుకు తిరగబడుతుందో చూశారా? బ్రేకు ఉంది కాని, చాలా బండ్లకు ముందు చక్రానికి మాత్రమే ఉంటుంది. బరువేమో వెనక ఉంటుంది. తేలికగా ఆనిన చక్రానికి రోడ్డుమీద పట్టు తక్కువ. వాన కురిసి రిమ్ము తడిస్తే అదీ జారుతుంది. అనుభవజ్ఞులు వంతెన దిగేటప్పుడు మొదటినుంచే బ్రేకు పట్టి ఉంచుతారు, మలుపులో ఒంటిని లోపలివైపుకు వంచుతారు. పళ్ళెంమీద నర్తకి చేసేదీ ఇదే.

పాత మోపెడ్ ఇంజను తెచ్చి ట్రాలీ రిక్షాకు బిగించి నడిపేవాళ్ళూ ఉన్నారు. ఒంటికి సుఖమే కాని, చట్రమూ బ్రేకూ పాతవే. వేగం మూడురెట్లయితే గతిజశక్తి తొమ్మిదిరెట్లవుతుంది. ఆ తొమ్మిదిరెట్లను ఆ రెండు రబ్బరుముక్కలే ఆపాలి. అలాంటి బండిమీద ఎవరైనా ఎక్కించుకుంటామన్నా మీరు ఎక్కకండి.

బ్యాటరీబండి సంగతి వేరు. దాన్ని చట్రంనుంచి మోటారుకోసమే తయారుచేస్తారు. 2014–15లో కేంద్రప్రభుత్వం మూడు చక్రాల బ్యాటరీ సరుకుబండ్లకు చట్టంలో చోటిచ్చి, గంటకు 25 కిలోమీటర్ల వేగం, 310 కిలోల సరుకు హద్దులుగా పెట్టింది. మన బండిని వంతెనమీద కూడా సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతోనే ఎక్కించాలంటే ఎంత మోటారు కావాలి? 158ను ఒకటిన్నరతో గుణించండి. 237 వాట్లు. మిక్సీ మోటారే ఇంతకంటే పెద్దది!

ఇంకో లెక్క కూడా చూడండి. మనిషి 75 వాట్ల చొప్పున ఆరుగంటలు తొక్కితే 450 వాట్-గంటలు. మీ ఇంటి కరెంటు మీటరులో ఒక యూనిట్ అంటే 1,000 వాట్-గంటలు. ఒక మనిషి పొద్దుటినుంచి సాయంత్రందాకా చెమటోడ్చి తొక్కిన పని మొత్తం మీటరుమీద అర యూనిట్ కూడా కాదు. ఈ అంకె మొదటిసారి వేసినప్పుడు తప్పు వేశాననుకుని రెండుసార్లు చూసుకున్నాను.

ఆఖరున ఒక లెక్క మీకు వదులుతున్నాను. దిగి లాగేటప్పుడు వంతెనమీద 130 న్యూటన్లు కావాలన్నాం. బడినుంచి వస్తున్న ఇద్దరు పిల్లలు వెనకనుంచి చెరొక 60 న్యూటన్లతో, అంటే చెరొక ఆరుకిలోల బలంతో, బల్లను నెట్టారు. (బండి వెనక్కి జారితే తప్పుకునేందుకు వీలుగా చెరొక మూలా నిలబడాలి, చక్రానికి ఎదురుగా కాదు. వంతెన నడినెత్తికి చేరగానే వదిలేయాలి, వేలాడకూడదు.) ముందు లాగుతున్న ఆయనకు మిగిలిన బలం ఎన్ని న్యూటన్లు?